పీకిన చేను

మాచర్ల బస్టాండు ఎదుటి టీ కొట్టులో ఆ రోజు పేపరు మూడు ముక్కలై మూడు బల్లల మీద పడి ఉంది. ఒక్క ముక్కనూ ఎవరూ చదవడం లేదు. ధనుంజయరావు జిల్లా పేజీ ఉన్న ముక్కను దగ్గరికి లాక్కుని తన వార్త ఎక్కడ వేశారా అని వెతుక్కున్నాడు. కింద ఎడమ మూలన, రక్తదాన శిబిరానికీ తప్పిపోయిన గేదెకూ మధ్యన దొరికింది. 'మిరపలో పూత లేక రైతుల ఆందోళన'. ఆరు లైన్లు. ఆయన పంపింది నలభై రెండు లైన్లు, రెండు ఫొటోలు. ఫొటోలు పోయాయి, రైతుల పేర్లు పోయాయి, నారు అమ్మిన నర్సరీ మాట అసలే పోయింది. వెల్దుర్తి మండలం కొండయ్యపాలెం అని ఊరి పేరు మాత్రం మిగిలింది.

పక్క బల్ల దగ్గర నలుగురు లారీ డ్రైవర్లు ఒకే ఫోను మీదికి వంగి చూస్తున్నారు. ఫోన్లోంచి హమీదా గొంతు గట్టిగా వినిపిస్తోంది.

"నమస్కారమండీ, నేను మీ హమీదాని. ఇయ్యాల మనం కొండయ్యపాలెం పోతన్నాం. అక్కడ మిరప చేలు నడుమెత్తు పెరిగినయ్యంట, కాయ మాత్రం ఒక్కటి లేదంట. నర్సరీవోళ్ళు ఏం నారు అంటగట్టారో పోయి చూద్దాం. సాయంత్రానికి వీడియో పెడతా."

"పోతే ఈ పిల్లే పోవాల," అన్నాడు ఒక డ్రైవరు. "పేపరోళ్ళకి ఇట్టాంటియి యాడ కనపడతయ్?"

ఆ మాట అన్నవాడి మోచెయ్యి ధనుంజయరావు వార్త మీదే ఉంది. ఇదిగో నాయనా, నీ మోచేతి కిందే ఉంది చూడు అనాలనిపించింది ఆయనకు. అనలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఆయన విలేకరి. అటువంటి మనిషి తన వార్తను తానే వేలుపెట్టి చూపించుకోవడం కంటే సిగ్గుచేటు ఇంకేముంటుంది? సగం టీ వదిలేసి లేచాడు. కడుపు మండిపోతోంది. హమీదా ఎక్కడి మనిషో అయినా ఇంత మండేది కాదు. తన వీధిలోదే. తన ఇంటికి ఆరిళ్ళ అవతల ఉంటుంది. మొన్నమొన్నటి దాకా జెరాక్సు కొట్టు పెట్టుకుని, ఆయన చేతిరాత వార్తల్ని టైపు చేసి గుంటూరు ఆఫీసుకు పంపింది ఆవిడే. వార్తలో ఊరి పేరు ముందు రావాలనీ, మనిషి పేరుకు వయసు జోడించాలనీ ఆమెకు చెప్పింది ఈయనే. అటువంటి పిల్ల ఇప్పుడు చేతిలో ఒక కర్ర, కర్ర చివర ఫోను పట్టుకుని తిరుగుతుంటే తొంభై వేలమంది వెనక పడ్డారు.

బండి తీసుకుందామని ఇంటికి వెళ్తే భార్య మహేశ్వరి గోంగూర ఒలుస్తోంది. ఫోను పప్పు డబ్బాకు ఆనించి పెట్టి ఉంది. ఫోన్లో హమీదా.

"నువ్వు కూడానా?" అన్నాడు.

"ఏం, చూడకూడదా? మీ పేపరేమో అక్షరాలు చీమల్లా వేస్తారు. ఈ పిల్ల చెప్తే వంట చేసుకుంటా వినొచ్చు," అంది మహేశ్వరి. "యాడికి, మళ్ళీ కొండయ్యపాలేనికేనా? నిన్న రాశారు గదా."

"నా వార్త నేను పోయి చూసుకోకూడదా?" అని కసిరి బండి తీశాడు.

కొండయ్యపాలెం చేలు చూస్తే తెలియనివాడికి ముచ్చటేస్తుంది. మొక్కలు నల్లగా నిగనిగలాడుతూ నడుము దాకా పెరిగాయి. కొమ్మ వంచి చూస్తే మాత్రం పూత లేదు, పిందె లేదు, ఆకే ఆకు. అరవై రోజులు దాటిన చేను అది. ధనుంజయరావు వెళ్ళేసరికి బ్రహ్మాజీ అనే రైతు చేలో పాతికమంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో హమీదా నిలబడి ఉంది. చున్నీ నడుముకు చుట్టి, చెప్పులు గట్టు మీద వదిలేసి, సాళ్ళ మధ్య బురదలో దిగి ఫోను పట్టుకుంది.

అంతకుముందు ఆయన ఏ ఊరు వెళ్ళినా ఎవరో ఒకరు మంచం వాల్చేవారు. మంచినీళ్ళు తెచ్చేవారు. ఈ రోజు ఎవరూ తల తిప్పలేదు. నోటు పుస్తకం తీసి ఒక అడుగు ముందుకు వేయగానే ఒక కుర్ర రైతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాస్త పక్కకి జరుగయ్యా. వీడియోలో పడతన్నావు."

ఆయన పక్కకు జరిగాడు. జరిగి, గట్టు మీద తుమ్మ చెట్టు పక్కన నిలబడ్డాడు.

"బ్రహ్మాజీ బాబాయ్, ఒక మొక్క పీకి చూపించండి," అంది హమీదా.

అది ఎప్పుడూ ఉండే బొమ్మే. పంట పోయిన ఊరికి విలేకరి వెళితే రైతు మొక్క పీకి రెండు చేతులా పట్టుకుని నిలబడాలి. ధనుంజయరావు ఇట్లాంటి ఫొటోలు యాభై తీసి ఉంటాడు. ఒక మొక్క, మహా అయితే రెండు. కానీ పేపరు ఫొటోకు సరిపోయింది వీడియోకు సరిపోలేదు. బ్రహ్మాజీ ఒక మొక్క పీకి కింద కొట్టాడు. ఇంకొకటి పీకాడు. ఫోను తన వైపే ఉందని చూసుకుని గొంతు పెంచాడు.

"ఒకటేంది, రెండేంది? ఉంచుకుని ఏం చేసుకోను? చేను చేనంతా పీకేస్తా, లోకమంతా చూడనీ," అంటూ సాలు పొడుగునా పీకుతూ పోయాడు. అతని కొడుకు దిగాడు. తమ్ముడు దిగాడు. పక్క చేలవాళ్ళకు కూడా పూనకం వచ్చినట్టయింది. మా చేలోకి కూడా రామ్మా, మాది కూడా తియ్యమ్మా అంటూ ఎవరి చేలోకి వాళ్ళు పరుగెత్తారు.

ధనుంజయరావు నోరు తెరిచాడు. ఎందుకంటే ఆయనకు ఒక సంగతి తెలుసు. నారు నకిలీదని నష్టపరిహారం అడగాలంటే శాస్త్రవేత్తలు వచ్చి నిలబడి ఉన్న పంటను చూడాలి. చేలో అక్కడక్కడా కొలత వేసి, మొక్కలు లెక్కపెట్టి, పూత ఎంతుందో రాసుకోవాలి. పీకిన చేనుకు ఏ ఆఫీసరూ రిపోర్టు రాయడు. ఏడేళ్ళ కిందట రాజుపాలెం దగ్గర పత్తి రైతులు కోపంతో చేలు దున్నేసుకుని, పైసా రాక, ఏడాదంతా ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ వార్త రాసింది ఆయనే. గట్టు మీది నుంచి ఒక్క కేక వేస్తే చాలు.

ఆ కేక గొంతు దాకా వచ్చి ఆగింది. 'వీడియోలో పడతన్నావు' అన్న మాట చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. ఆమె చుట్టూ పాతికమంది ఉన్నారు. ఆమె ఫోను ఎటు తిరిగితే వాళ్ళు అటు తిరుగుతున్నారు. చేసుకోనీ, అనుకున్నాడు. అంతటి మనిషికి ఆ మాత్రం తెలియదా?

అప్పుడే రాఘవమ్మ గట్టెక్కి ఆయన దగ్గరికి వచ్చింది. దిగువన రెండెకరాలు కౌలుకు చేసుకునే ముసలామె. పూత రాలేదని మొదట ఆయనకు ఫోను చేసింది ఆమే.

"అయ్యా, వీళ్ళంతా పీకేస్తన్నారు. ఆఫీసరోళ్ళొచ్చి చూస్తారంటన్నారు గదా, పీకొచ్చా? నువ్వు చెప్పు."

అంత సూటిగా అడిగింది. చెప్పడానికి రెండు మాటలు చాలు. ధనుంజయరావు ఆమె ముఖం చూడలేదు. హమీదా వైపు చూశాడు.

"నన్నడుగుతావేంది రాఘవమ్మా? ఆ అమ్మాయినడుగు. ఊరంతా ఆమె మాటే వింటంది గదా," అని బండెక్కాడు.

సాయంత్రం వీడియో వచ్చింది. మర్నాటికి నాలుగు లక్షలమంది చూశారు. గుంటూరు నుంచి, ఒంగోలు నుంచి, కృష్ణ అవతల నల్గొండ నుంచి కూడా రైతులు కామెంట్లు పెట్టారు. ధనుంజయరావు తన ఫోన్లో ఆ అంకె ఎంతకు పెరిగిందో గంటకోసారి చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. నలభై ఏళ్ళ వయసులో రాని జబ్బు యాభై నాలుగులో పట్టుకుందని తనకే తెలుస్తోంది. అయినా వేలు ఆగలేదు.

బుధవారం ఉదయానికల్లా శాస్త్రవేత్తల బృందం ఊళ్ళోకి వచ్చింది. ఆరు లైన్ల వార్తకు కదలని జీపులు నాలుగు లక్షల చూపులకు కదిలాయి. ధనుంజయరావు అదీ గమనించాడు. బృందం రోడ్డు పక్కన జీపులు ఆపి, బ్రహ్మాజీ చేలోకి నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. చేలో మొక్కలు కుప్పలు కుప్పలుగా వాడిపోయి ఉన్నాయి. ఆ పక్క చేనూ అంతే. దాని పక్కదీ అంతే.

"ఏం చూడమంటారు?" అన్నాడు పెద్ద శాస్త్రవేత్త. ఆయన గొంతులో కోపం లేదు, విసుగే. "నిలబడున్న పంటుంటే లెక్క కడతాం. పీకేసిన మొక్కకు పూత అసలు రానే లేదో, వచ్చింది పీకేశాక రాలిపోయిందో నేనెట్లా రాయను? సోమవారం రిపోర్టు పంపాలి. పరిశీలనకు పంట లేదనే రాస్తాను."

నర్సరీ యజమాని తన కారు నీడలో నిలబడి అంతా విన్నాడు. జీపులు వెనక్కి తిరిగే దాకా ఉండి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు ఊరు హమీదా మీదికి తిరిగింది. అందరికంటే ముందు పీకినవాడు బ్రహ్మాజీ. అందరికంటే గట్టిగా అరిచిందీ అతనే.

"నీ వీడియో కోసం మా చేలు పీకించావు. నీకు లక్షలమంది చూశారు, మాకేం మిగిలింది? చెప్పవే."

హమీదా ఫోను కర్ర మడిచి చంకలో పెట్టుకుంది. ఒక్కసారి తలెత్తి ధనుంజయరావు వైపు చూసింది. ఆయన నోటు పుస్తకంలో రాసుకుంటున్నట్టు తల దించేశాడు. దించుకున్న తలలో ఎంత హాయిగా ఉందో ఆయనకే తెలుసు. ఎండలో నడిచొచ్చి చల్లని మజ్జిగ తాగినట్టుంది.

ఆ గట్టు మీదే కూర్చుని బొటనవేలితో నలభై లైన్లు కొట్టాడు. ఎక్కడా ఆగకుండా వార్త దానంతట అదే వచ్చింది. శీర్షిక కూడా ఆయనే పెట్టాడు: 'వీడియో మోజు.. బీడైన చేలు'. గురువారం పేపర్లో ఒక్క అక్షరం కొట్టేయకుండా నాలుగు కాలాల్లో, ఫొటోతో, ఆయన పేరుతో వేశారు. టీ కొట్టులో పేపరు చేతులు మారింది. ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారు. లారీ డ్రైవర్లు లేచి ఆయనకు కుర్చీ ఇచ్చారు.

మధ్యాహ్నానికి హమీదా పాత వీడియోల కింద కొత్త తిట్లు చేరాయి. ఆమె చదువును, ఆమె మతాన్ని, స్కూటర్లు బాగుచేసుకునే ఆమె మొగుడు నౌషాద్‌ని, ఎవరినీ వదల్లేదు. ధనుంజయరావు నాలుగు చదివాడు. ఐదోది చదవలేక ఫోను బోర్లా పెట్టాడు. నేను ఇవి రాయలేదు గదా, అనుకున్నాడు. మహేశ్వరి అన్నం వడ్డించి, పక్కన కూర్చోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున రాఘవమ్మ వచ్చింది. మొదటి బస్సుకే బయల్దేరినట్టుంది, మోకాళ్ళు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది. చేతిలో గురువారం పేపరు మడత ఉంది.

"మా మనవరాలు చదివి వినిపించిందయ్యా. అంతా బాగా రాశావు. ఒక్క ముక్క మర్చిపోయావు."

"ఏంది?"

"నేను నిన్నడిగింది. నువ్వు ఆ అమ్మాయినడగమంది."

ధనుంజయరావు వంటింటి వైపు చూశాడు. లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"పోయి అడిగానయ్యా. ఏమందో తెలుసా? 'నాకు తెలవదు పెద్దమ్మా. ధనుంజయ బాబాయి గట్టు మీదే ఉన్నాడు, ఇట్టాంటియి ఆయనకి తెలిసినట్టు ఎవరికీ తెలవదు. పీకటం తప్పైతే ఆయన ఊరుకోడు, వద్దంటాడు' అంది. సరే, మళ్ళీ నిన్నడుగుదామని తిరిగితే నీ బండి పోయింది."

నాలుగు రోజులుగా ధనుంజయరావు ఆ పిల్ల మీద ఎన్నో అనుకున్నాడు. పొగరనుకున్నాడు, తెలియనితనమనుకున్నాడు, పేరు పిచ్చి అనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం ఆయన నోరు మెదపకపోవడాన్ని అనుమతి అనుకుంది. ఆ పాతికమందిలో ఆయన మౌనాన్ని కూడా నమ్మింది ఆమె ఒక్కతే.

"అదంతా వదిలెయ్," అంది రాఘవమ్మ. "మీరిద్దరూ తేల్చకపోతే మొత్తం పీకటానికి నాకు చెయ్యాడలేదు. ఎగువ ఎకరమే పీకా. దిగువ ఎకరం అట్టానే ఉంచా. నన్ను చూసి నా పక్కనున్న ముగ్గురు కూడా ఆపుకున్నారు. ఆ ఆఫీసర్లు రోడ్డు మీది నించే పోయారు గదా, దిగువకి రాలా. సోమారం లోపల వాళ్ళని మళ్ళీ రప్పించయ్యా. లేకపోతే పంట లేదని రాసేస్తారంట. నేను ఈ కౌలు యాడినించి కట్టను?"

"హమీదానడిగావా?"

"అడిగా. తను ఇప్పుడేం చెప్పినా ఎవరూ నమ్మరంది. బాబాయి చెప్తే నమ్ముతారంది."

ధనుంజయరావు గుంటూరు డెస్కుకు ఫోను చేశాడు. అక్కడ సబ్ ఎడిటరు శివాజీ ఎత్తాడు.

"కొండయ్యపాలెంలో పంట నిలబడే ఉంది శివాజీ. నాలుగు చేలు. ఫొటోలు పంపిస్తా, రేపు వెయ్యాలి."

"నిన్ననే గదా సార్ చేలు బీడైనయ్యని మీరే రాశారు? వెబ్‌లో ఇంకా అదే టాప్‌లో నడుస్తంది. ఇయ్యాల పంటుందంటే ఎవరి పరువు పోద్ది? సరే పంపండి, చూద్దాం."

చూద్దాం అంటే వెయ్యం అని. ఆయనకు ఆ మాట ఇరవై రెండేళ్ళుగా పరిచయమే.

"నువ్వు ఊరికి పో రాఘవమ్మా. రేపు వస్తా," అన్నాడు.

హమీదా ఇల్లు ఆరిళ్ళ దూరం. ఆ ఆరిళ్ళు దాటడానికి ఆయనకు మధ్యాహ్నం అయింది. గుమ్మం ముందు నౌషాద్ పీట మీద కూర్చుని కిరసనాయిలు గిన్నెలో స్కూటరు కార్బురేటరు కడుగుతున్నాడు. తలెత్తి చూశాడు. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. బ్రష్షు మాత్రం ఆపలేదు.

"లోపలికి రండి బాబాయ్," అంది హమీదా. కళ్ళ కింద నల్లగా ఉంది. కుర్చీ మీది బట్టలు తీసి దాన్ని ముందుకు జరిపింది.

ఆయన కూర్చోలేదు.

"రాఘవమ్మ నిన్నడిగినప్పుడు నువ్వు నా పేరు చెప్పావంట. అది వీడియోలో పడుండాలి గదా."

"పడింది. పెట్టేటప్పుడు తీసేశా. మామూలుగానే, అందులో ఏముందని తీసేశా."

"తర్వాత? నీ మీదికి అందరూ వచ్చినప్పుడు?"

బయట బ్రష్షు చప్పుడు ఆగింది.

"పెడదామనే అనుకున్నా. మీరు రాసింది చదివినాక చానా కోపం వచ్చింది బాబాయ్. రెండుసార్లు బయటికి తీశా. మా ఆయన కూడా పెట్టమన్నాడు. పెడితే ఇంక రాఘవమ్మ చేను సంగతి ఎవరికి కావాలి? మన ఇద్దరి కొట్లాటే చూస్తారు."

ధనుంజయరావుకు ముఖం మీద కొట్టినట్టయింది. ఒక వార్తలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో ఆమె తూచింది. ఆయన నలభై లైన్లు కొట్టినప్పుడు ఆ పని చేయలేదు. ఈసారి కూడా అసూయే కలిగింది గానీ దానికి మంట లేదు.

"రేపు పొద్దున్నే కొండయ్యపాలెం పోదాం," అన్నాడు. "ఫోను చార్జింగు పెట్టుకో."

శనివారం ఎనిమిది గంటలకు రాఘవమ్మ దిగువ చేలో సాళ్ళ మధ్య నిలబడ్డాడు. మంచు తడికి పంచె అంచు మొక్కలకు అంటుకుంటోంది. హమీదా ఎదురుగా ఫోను పట్టుకుంది. రాఘవమ్మా, పక్క చేల రైతులు ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు. బ్రహ్మాజీ కూడా వచ్చి, కాస్త దూరంగా నిలబడ్డాడు. ధనుంజయరావు ఎప్పుడూ ఫోనుకు ఇవతలే ఉన్నవాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నా పేరు ధనుంజయరావు. విలేకరిని," అన్నాడు. తర్వాత గొంతు కుదురుకుంది. "ఇది వెల్దుర్తి మండలం కొండయ్యపాలెం. రాఘవమ్మ, అరవై ఆరేళ్ళు, కౌలు రైతు. ఇక్కడ ఎకరంలో మొక్కలు నిలబడున్నాయి. పక్కన ఇంకో మూడు చేలున్నాయి. నాలుగింటికీ ఒకే నర్సరీ నారు." వంగి ఒక కొమ్మ పట్టుకుని, పీకకుండా, ఆకులు విడదీసి చూపించాడు. "పూత లేదు. శాస్త్రవేత్తలు సోమవారం లోపల వచ్చి చూడాలి. పంట లేదని నేను మొన్న పేపర్లో రాసింది సగం తప్పు. దిగువకు వచ్చి చూడకుండా రాశాను."

హమీదా తలూపింది, చాలన్నట్టు. ఆయన ఆపలేదు.

"ఇంకోటుంది. పోయిన సోమవారం చేలు పీకేటప్పుడు నేనూ ఇక్కడే ఉన్నా. చేను పీకితే రిపోర్టు రాయరని నాకు తెలుసు. ఈ అమ్మాయికి తెలవదు. రాఘవమ్మ నన్నడిగింది కూడా. చెప్పకుండా పోయా."

ఫోను వెనక నుంచి హమీదా మెల్లగా అడిగింది.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

ఈ ప్రశ్న ఆయన ఎంతమందిని అడిగాడో. తహసీల్దార్లను, కాంట్రాక్టర్లను, ఆసుపత్రి డాక్టర్లను. వాళ్ళు నేల చూపులు చూసినప్పుడల్లా లోలోపల గర్వపడ్డాడు. ఇప్పుడు తనూ నేల చూశాడు. చూసి, తల ఎత్తాడు.

"కళ్ళు కుట్టినయ్యమ్మా. ఈ వార్త ముందు రాసింది నేను. ఎవరూ చూడలా. నీ వెనకేమో ఊరంతా నడిచింది. నువ్వు తప్పు చేస్తే చూడాలనిపించింది. అందుకని ఊరుకున్నా."

రాఘవమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. హమీదా ఫోను దించి, తెర మీద వేలు పెట్టి రికార్డింగు ఆపింది. ఆయన దగ్గరికి వచ్చి, మిగతావాళ్ళకు వినపడకుండా అంది.

"ఆఫీసర్లు రావటానికి చేను కనపడితే చాలు బాబాయ్. ఆ చివరి మాటలు తీసేస్తాను. మీ పేపరోళ్ళు చూస్తే మిమ్మల్ని ఉండనియ్యరు."

ధనుంజయరావు చేను కేసి చూశాడు. ఇందాక తను విడదీసిన కొమ్మ ఇంకా సర్దుకోలేదు.

"అది తీసేస్తే మిగతాది ఎవరూ నమ్మరమ్మా," అన్నాడు. "ఉంచు."